తాతయ్యా మనుమరాలూ ఒకే వైపు నిలిచి ఆడే ఆట

మన గ్రామాలలో సాయంకాలము వేళ ఒకసారి వీధి చివర నిలిచి చూడండి. కుర్రవాళ్ళు బడి ఆవరణలో క్రికెట్టు ఆడుతుంటారు. పసిపిల్లలు దుమ్ములో పరుగులు తీస్తుంటారు. తొమ్మిది, పది తరగతులకు వచ్చిన ఆడపిల్లలు గుమ్మములో నిలబడి చూస్తుంటారు. తండ్రి పొలము నుండి వచ్చి కాళ్ళు కడుగుకొనుచుండగా తల్లి పొయ్యి ముట్టిస్తుంది. తాతయ్య అరుగు మీద కూర్చుని వచ్చే పోయే వారిని పలకరిస్తుంటాడు. ఇల్లు ఒకటే. కాని ఆట దగ్గరకు వచ్చేసరికి ఎవరి లోకము వారిది.

కూర్చుని ఆడే ఆటలు మనకు లేకపోలేదు. అష్టాచెమ్మా, వామనగుంటలు, పులిజూదము వంటివి అమ్మమ్మలు, మనుమలు కలిసి ఆడినవే. అయితే లేచి నిలబడి, చెమట పట్టేలా ఆడే ఆటలన్నీ బలమును బట్టి, వయసును బట్టి మనుష్యులను విడదీస్తాయి. కబడ్డీలో తాతయ్యకు చోటు లేదు. వాలీబాల్‌లో పొట్టివానికి బంతి అందదు. క్రికెట్టులో చెల్లాయిని ఎప్పుడూ బంతి ఏరుకొని తెమ్మనే పంపుతారు.

ఇంటిల్లిపాదీ ఒకే గీతల మధ్య నిలబడి ఆడుకొనుటకే పుట్టిన ఆట ఒకటి ఉన్నది. దాని పేరు పికిల్‌బాల్. ఈ మధ్య హైదరాబాదు వంటి పట్టణాలలో దీని కోర్టులు చాలా వెలిశాయి. సెలవులకు ఊరికి వచ్చిన పిల్లల నోట మీరు ఈ పేరు వినియుండవచ్చును. ఇది డబ్బున్నవారి ఆటయని కొందరు అనుకొనుచున్నారు. దీని పుట్టుక, దీని నియమాలు చూస్తే ఆ మాట నిజము కాదని తెలుస్తుంది. మొదటిసారి నేర్చుకొనేవారికి అవసరమైన నియమాలను, అవి ఎందుకు ఏర్పడినవో ఆ కారణాలతో సహా ఈ వ్యాసములో వివరించాలని మా ఉద్దేశము.

విసుగెత్తిన పిల్లల కొరకు పుట్టినది

1965వ సంవత్సరము, వేసవి కాలము. అమెరికా దేశములో వాషింగ్టన్ రాష్ట్రమున సియాటిల్ నగరమునకు ఎదురుగా బెయిన్‌బ్రిడ్జ్ అనే ద్వీపము ఉన్నది. అక్కడ జోయెల్ ప్రిచర్డ్ అనే ఆయనకు ఒక ఇల్లు ఉండేది. ఆయన అప్పటికి ఆ రాష్ట్ర శాసనసభలో సభ్యుడు. తరువాత కాలములో అమెరికా పార్లమెంటుకు, ఆ పిమ్మట రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరు పదవికి కూడా ఎన్నికయ్యాడు. ఒక శనివారము ఆయన, ఆయన స్నేహితుడు బిల్ బెల్ గోల్ఫు ఆడి ఇంటికి వచ్చేసరికి పిల్లలందరూ ఏమీ తోచక విసుగెత్తి ఉన్నారు.

ఇంటి పెరడులో పాత బ్యాడ్మింటన్ కోర్టు ఒకటి ఉన్నది. కాని బ్యాట్లు సరిగా లేవు, షటిల్ కనబడలేదు. ఆ పెద్దలిద్దరూ ఇంట్లో ఉన్నవాటినే వెదకి తెచ్చారు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు దొరికాయి. రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతి ఒకటి దొరికింది. బ్యాడ్మింటన్ నెట్టు అంత ఎత్తునే, అనగా 60 అంగుళాల ఎత్తున కట్టి ఆట మొదలుపెట్టారు. నేల గట్టిది గనుక బంతి చక్కగా ఎగురుతున్నదని గమనించి, నెట్టును 36 అంగుళాలకు దించారు. మరుసటి వారము బార్నీ మెకాలమ్ అనే మరియొక స్నేహితుడు వచ్చి చేరాడు. ఈ ముగ్గురూ కలిసి నియమాలు ఏర్పరచారు. కుటుంబమంతా కలిసి ఆడుకోవాలి, అదే వారి లక్ష్యము.

ఇక పేరు సంగతి. పికిల్ అంటే ఊరగాయ గదా, బంతికీ ఊరగాయకూ ఏమి సంబంధమని మీరు అడుగవచ్చును. పడవ పందేలలో మిగిలిపోయిన తెడ్డుగాళ్ళనందరినీ పోగుచేసి ఎక్కించే పడవను ఆ దేశములో పికిల్ బోటు అంటారు. ఈ ఆట కూడా వేరువేరు ఆటల నుండి మిగిలినవి పోగుచేసినదే గనుక ప్రిచర్డ్ గారి భార్య జోన్ ఆ పేరు పెట్టారని ఆ కుటుంబమువారు చెబుతారు. ప్రిచర్డ్ గారింటి కుక్క పేరు పికిల్స్ గనుక ఆటకు ఆ పేరు వచ్చిందని మెకాలమ్ చెప్పేవాడు. కుక్క తరువాత వచ్చినదనీ, ఆట పేరే దానికి పెట్టామనీ ప్రిచర్డ్ కుటుంబము వారి జవాబు.

1967లో ఒక పొరుగువాని పెరటిలో మొట్టమొదటి శాశ్వత కోర్టు కట్టారు. 1984లో నియమాల పుస్తకము అచ్చయినది. 1990 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలలోను ఈ ఆట ఆడసాగారు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రము దీనిని తన అధికారిక క్రీడగా ప్రకటించినది. ఆ దేశములో అనేక సంఘాలు తమ హాలులో గీతలు గీసి వారములో కొన్ని గంటలు వృద్ధులకు, యౌవనస్థులకు ఈ ఆట ఆడుకొనే వీలు కల్పిస్తున్నాయి. మన దేశములో సునీల్ వలావల్కర్ గారు దీనిని పరిచయము చేశారు. ఆఖిల భారత స్థాయిలో ఒక అసోసియేషన్ 2008లో ఏర్పడినది.

కోర్టు గీయడము ఎలా?

పికిల్‌బాల్ కోర్టు కొలతలు డబుల్స్ షటిల్ కోర్టు కొలతలే. పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. మీ ఊరి బడిలో షటిల్ కోర్టు ఉంటే సగము పని అయినట్లే. లేనిచోట సిమెంటు గచ్చు గాని, ధాన్యము ఆరబోసే గట్టి కళ్ళము గాని చాలును. మెత్తని మట్టిలోను, ఇసుకలోను బంతి లేవదు. ఆటగాళ్ళు వెనుకకు, ప్రక్కలకు కదలడానికి గీతల బయట కూడా స్థలము కావాలి. మొత్తము మీద 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉంటే సౌకర్యము.

సున్నము, త్రాడు, కొలత టేపు తీసుకొనండి. మొదట 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల దీర్ఘచతురస్రము గీయండి. మూలలు సరిగా వచ్చాయో లేదో తెలుసుకొనుటకు మేస్త్రీలు చేసినట్లే ఎదురు మూల నుండి ఎదురు మూలకు కొలవండి. రెండువైపులా 48 అడుగుల 4 అంగుళాలు వస్తే కోర్టు సరిగా ఉన్నట్టు. సరిగా మధ్యలో, 22 అడుగుల దగ్గర నెట్టు కట్టాలి. నెట్టు ఎత్తు ప్రక్క గీతల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34 అంగుళాలు.

నెట్టు నుండి ఇరువైపులా 7 అడుగుల దూరములో అడ్డముగా ఒక్కొక్క గీత గీయాలి. షటిల్ కోర్టులో ముందరి సర్వీసు గీత నెట్టుకు ఆరున్నర అడుగుల దూరములో ఉంటుంది గనుక, దానికి ఆరు అంగుళాలు వెనుకగా క్రొత్త గీత వేస్తే సరిపోతుంది. నెట్టుకూ ఈ గీతకూ మధ్యనున్న స్థలమునకు కిచెన్ అని పేరు, అనగా వంటిల్లు. దాని వెనుక మిగిలిన 15 అడుగులను నిలువుగా రెండు సమభాగాలు చేస్తూ మరొక గీత గీయండి. ఇవి కుడి, ఎడమ సర్వీసు గడులు. ఒక్కొక్క గడి 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉంటుంది. షటిల్ కోర్టులోని మిగిలిన లోపలి గీతలతో మనకు పనిలేదు.

బ్యాటును ప్యాడిల్ అంటారు. దానికి తీగలు ఉండవు, బల్లచెక్కవలె చదునుగా ఉంటుంది. పొడవు 17 అంగుళాలకు మించరాదు. పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలకు మించరాదు. పొడవు 16, వెడల్పు 8 అంగుళాలున్నది చేతికి బాగుంటుంది. నేడు దుకాణములలో ఖరీదైన బ్యాట్లు చాలా ఉన్నవి గాని, మొదటి రోజులలో మెకాలమ్ తన ఇంటి క్రింది గదిలో రంపముతో ప్లైవుడ్డు కోసి బ్యాట్లు చేసేవాడు. మన ఊరి వడ్రంగి కూడా అలాగే చేసి ఇవ్వగలడు. చేతిపిడికి గుడ్డ చుట్టి, అంచులను గరుకు కాగితముతో నునుపు చేయించండి. బంతి మాత్రము కొనాలి. అది 26 నుండి 40 రంధ్రాలు గల గట్టి ప్లాస్టిక్ బంతి. బరువు సుమారు 25 గ్రాములు మాత్రమే గనుక గాలికి ప్రక్కకు పోతుంది. ఉదయము గాని, గాలి తగ్గిన సాయంకాలము గాని ఆడుట మంచిది.

మొదటి నియమము: సర్వీసు క్రిందనుండి

ఈ ఆటలో ఇద్దరు గాని, జట్టుకు ఇద్దరు చొప్పున నలుగురు గాని ఆడవచ్చును. కుటుంబాలకు నలుగురి ఆటే అనుకూలము గనుక దానిని గూర్చియే వ్రాస్తున్నాము.

ఆట సర్వీసుతో మొదలవుతుంది. సర్వీసు చేసేవారు వెనుక గీతకు బయట నిలిచి, బంతిని ఎదుటివైపు మూలగానున్న గడిలో పడునట్లు కొట్టాలి. కుడివైపు నిలిచినవారు ఎదుటివారి కుడి గడిలోనికి, ఎడమవైపు నిలిచినవారు ఎదుటివారి ఎడమ గడిలోనికి కొట్టాలి. బంతి కిచెన్‌లో పడినా, కిచెన్ గీతను తాకినా తప్పే. మిగిలిన గీతల మీద పడితే మంచిదే. నెట్టును తాకి కూడా సరియైన గడిలో పడితే ఆట సాగించాలి. 2021కి ముందు అలాటి సర్వీసును మరల చేయించేవారు, ఇప్పుడు ఆ పద్ధతి లేదు. టెన్నిస్‌లో వలె రెండవ అవకాశము ఇందులో ఉండదు.

సర్వీసు ఎలా కొట్టాలన్నది ముఖ్యము. చేయి క్రిందనుండి పైకి రావాలి. బంతిని నడుము కంటె క్రింద కొట్టాలి. ఆ సమయములో బ్యాటు తల మణికట్టు కంటె పైన ఉండకూడదు. గాలిలో కొట్టుట కష్టమైతే, బంతిని చేతిలోనుండి ఊరికే జారవిడిచి, నేలను తాకి లేచిన తరువాత కొట్టవచ్చును. అప్పుడు నడుము ఎత్తు నియమము వర్తించదు. క్రొత్తవారికి ఇదే సులువైన మార్గము. బంతిని నేలకేసి కొట్టరాదు, పైకి విసరరాదు, వదలివేయాలి అంతే. బంతిని కొట్టేటప్పుడు కనీసము ఒక పాదము నేలపై ఉండాలి. పాదము వెనుక గీతను తాకరాదు.

ఈ నియమము ఎందుకు? టెన్నిస్‌లో పొడవైనవాడు తల పైనుండి పిడుగువలె సర్వీసు చేస్తాడు. ఎదుట నిలిచిన పదేండ్ల పిల్ల దానిని చూచేలోపలే పాయింటు పోతుంది. ఇక్కడ పాతికేండ్ల వానికైనా డెబ్బదేండ్ల వానికైనా ఒకటే మార్గము, క్రిందనుండే. సర్వీసు ఆటకు ఆరంభము మాత్రమే గాని ఎదుటివానిని పడగొట్టే ఆయుధము కాదు.

రెండవ నియమము: చెరి ఒకసారి నేలను తాకనివ్వాలి

సర్వీసు బంతి వచ్చినప్పుడు ఎదుటివారు దానిని గాలిలో కొట్టరాదు. ఒకసారి నేలను తాకనిచ్చి కొట్టాలి. వారు తిరిగి కొట్టిన ఆ బంతిని సర్వీసు చేసినవారు కూడా గాలిలో కొట్టరాదు. వారు కూడా ఒకసారి నేలను తాకనివ్వాలి. ఇలా చెరి ఒకసారి జరిగిన తరువాతనే బంతిని గాలిలో గాని, నేలను తాకిన తరువాత గాని ఇష్టము వచ్చినట్లు కొట్టవచ్చును. అయితే ఏ బంతినైనను రెండుసార్లు నేలను తాకనిస్తే పాయింటు పోతుంది.

ఈ నియమము లేకపోతే సర్వీసు చేసినవాడు వెంటనే నెట్టు దగ్గరకు పరుగెత్తి వచ్చిన బంతిని వచ్చినట్లే దంచివేస్తాడు, ఆట రెండు దెబ్బలతో ముగిసిపోతుంది. దీనివలన ఇరుపక్షాలకూ ఊపిరి తీసుకొనే సమయము, తమ చోటికి చేరే సమయము దొరుకుతుంది. నెమ్మదిగా కదిలేవారికి ఆ ఒక్క గెంతు సమయము ఎంతో విలువైనది. క్రొత్తవారు ఆడేటప్పుడు ఇరుపక్షాలవారూ ఒకటి, రెండు అని పైకి లెక్కపెడుతూ ఆడితే నాలుగైదు ఆటలలో అలవాటవుతుంది.

మూడవ నియమము: వంటింట్లో నిలిచి గాలిలో కొట్టరాదు

ఈ ఆటకు ప్రాణము వంటిటి నియమమే. నెట్టుకు 7 అడుగుల లోపల, అనగా కిచెన్‌లో నిలిచి, బంతిని నేలను తాకకముందు కొట్టరాదు. గీత కూడా కిచెన్‌లో భాగమే. కాలివ్రేలు గీతను తాకినా తప్పే.

ఇందులో క్రొత్తవారిని తికమకపెట్టే సంగతులు రెండు ఉన్నవి. మొదటిది, కిచెన్‌లోనికి వెళ్ళనే కూడదని చాలామంది అనుకొంటారు. అది నిజము కాదు. ఎప్పుడైనా వెళ్ళవచ్చు, ఎంతసేపైనా నిలువవచ్చు. అక్కడ పడి లేచిన బంతిని కొట్టవచ్చు. గాలిలో ఉన్న బంతిని కొట్టుట మాత్రమే నిషిద్ధము. రెండవది, గీత బయట నిలిచి గాలిలో కొట్టినా, ఆ ఊపులో ముందుకు తూలి కిచెన్‌లో కాలు పెడితే తప్పే. బంతి ఎదుటివైపు పడి ఆ పాయింటు అయిపోయినదనుకున్న తరువాత తూలినా సరే, తప్పే. చేతిలోని బ్యాటు గాని, జేబులోనుండి జారిన వస్తువు గాని ఆ ఊపులో అక్కడ పడినా తప్పే. కిచెన్‌లో ఉన్నవారు గాలిలో కొట్టదలచితే ముందుగా బయటకు వచ్చి, రెండు పాదాలూ గీత వెలుపల నేలను తాకిన తరువాతనే కొట్టాలి.

నెట్టు మీదికి వంగి బలముగా దంచేవానికి ఈ గీత కళ్ళెము. గీతకు ఇవతల నిలిచినప్పుడు నెట్టు మీదుగా క్రిందికి దంచుట అంత సులభము కాదు. అందుచేత అనుభవము గలవారు బంతిని మెల్లగా, నెట్టుకు కొంచెము పైగా, ఎదుటివారి కిచెన్‌లోనే పడునట్లు జారవిడుస్తారు. దీనిని డింక్ అంటారు. దీనికి కండబలము అక్కరలేదు. ఓర్పు, చేతివాటము చాలును. ఈ విద్యలో అరవై ఏండ్ల అమ్మమ్మ ఇరవై ఏండ్ల మనుమనిని ఓడించుట వింత కాదు.

తప్పులు ఏవి?

బంతి నెట్టుకు తగిలి మీవైపే పడిపోయినా, కోర్టు బయట పడినా, మీవైపు రెండుసార్లు నేలను తాకినా పాయింటు ఎదుటివారికి గాని, సర్వీసు మార్పుకు గాని పోతుంది. గీత మీద పడిన బంతి లోపల పడినట్టే, సర్వీసులో కిచెన్ గీత ఒక్కటే దీనికి మినహాయింపు. ఆట సాగుచుండగా మీ శరీరము గాని, బట్టలు గాని, బ్యాటు గాని నెట్టును తాకరాదు. బ్యాటు పట్టుకొన్న చేతికి మణికట్టు దిగువన బంతి తగిలితే పరవాలేదు, ఒంటి మీద మరెక్కడ తగిలినా తప్పే. బయటకు పోతున్న బంతిని, ఎలాగూ బయట పడుతుంది గదా అని గాలిలో చేతితో పట్టుకొన్నవారు కూడా ఆ పాయింటు పోగొట్టుకొంటారు. దానిని పడనిచ్చి చూడాలి.

మూడు అంకెల లెక్క

ఈ ఆట నేర్చుకొనేవారికి అన్నిటికంటె కష్టముగా తోచేది లెక్క. ఒక ఉదాహరణతో చెబితే సులువు.

మామూలు ఆట 11 పాయింట్లకు జరుగుతుంది. కనీసము రెండు పాయింట్ల తేడాతో గెలవాలి. 10–10 అయితే 12–10 వరకు, లేదా అంతకు మించి కూడా సాగుతుంది. సర్వీసు చేసే జట్టుకు మాత్రమే పాయింట్లు వస్తాయి. ప్రతి ర్యాలీకి పాయింటు ఇచ్చే పద్ధతి కొన్ని పోటీలలో ఉన్నది గాని క్రొత్తవారు మొదట ఈ పాత పద్ధతి నేర్చుకొనుట మేలు.

సర్వీసుకు ముందు మూడు అంకెలు బిగ్గరగా చెప్పాలి. మొదటిది మన పాయింట్లు, రెండవది ఎదుటివారి పాయింట్లు, మూడవది సర్వీసు చేసేవారు తమ జట్టులో ఒకటవవారా, రెండవవారా అన్నది. జట్టులో ఇద్దరికీ సర్వీసు అవకాశము వస్తుంది. మొదటివారు ర్యాలీ ఓడితే రెండవవారు చేస్తారు. వారూ ఓడితే సర్వీసు ఎదుటి జట్టుకు పోతుంది. అయితే ఆట ఆరంభములో మాత్రము మొదట సర్వీసు చేసే జట్టుకు ఒక్కరికే అవకాశము. ముందుగా ఆరంభించేవారికి ఎక్కువ లాభము కలుగకుండా ఈ ఏర్పాటు.

తాతయ్య, మనుమరాలు ఒక వైపు, తల్లి, కుమారుడు ఒక వైపు అనుకొనండి. తాతయ్య కుడివైపు నిలిచి, సున్న–సున్న–రెండు అని చెప్పి సర్వీసు చేశాడు. ఆ ర్యాలీ గెలిచారు. ఒక పాయింటు వచ్చింది. ఇప్పుడు తాతయ్య, మనుమరాలు తమలో తాము చోట్లు మార్చుకొంటారు. ఎదుటివారు మారరు. తాతయ్య ఎడమవైపునుండి, ఒకటి–సున్న–రెండు అని సర్వీసు చేశాడు. ఈసారి ఓడారు. ఆరంభపు అవకాశము ఒక్కటే గనుక సర్వీసు ఎదుటివారికి పోయింది.

అక్కడ కుడివైపు నిలిచినవారు మొదట సర్వీసు చేయాలి. తల్లి కుడివైపు ఉన్నది. సున్న–ఒకటి–ఒకటి అన్నది. గెలిచింది. కుమారునితో చోటు మార్చుకొని ఎడమవైపునుండి, ఒకటి–ఒకటి–ఒకటి అన్నది. ఈసారి ఓడింది. ఓడినప్పుడు చోట్లు మారరు. కుమారుడు ఉన్నచోటు నుండే, ఒకటి–ఒకటి–రెండు అని చేశాడు. అతడూ ఓడాడు. సర్వీసు తిరిగి తాతయ్య జట్టుకు వచ్చింది. ఇప్పుడు కుడివైపు ఉన్నది మనుమరాలు గనుక ఆమె, ఒకటి–ఒకటి–ఒకటి అని ఆరంభిస్తుంది.

ఒక్క గుర్తు పెట్టుకొంటే చోట్లు తప్పిపోవు. ఆట ఆరంభములో మీ జట్టు తరఫున మొదట సర్వీసు చేసినవారు, మీ పాయింట్లు సరిసంఖ్యలో ఉన్నప్పుడు కుడివైపు, బేసిసంఖ్యలో ఉన్నప్పుడు ఎడమవైపు ఉండాలి. లెక్కలంటే భయపడే పిల్లలకు సరిసంఖ్య, బేసిసంఖ్య నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

అంపైరు లేని ఆట

పైన చెప్పిన మూడు నియమాలూ బలవంతుని చేతికి కళ్ళెము వేస్తాయని గమనించారు గదా. నాలుగవది ఒకటి ఉన్నది. అది చేతికి కాదు, నోటికి కళ్ళెము.

మామూలు ఆటలలో అంపైరు ఉండడు. మీవైపు పడిన బంతి లోపల పడిందో బయట పడిందో మీరే చెప్పాలి. ఎదుటివైపు పడిన దానిని వారు చెప్పాలి. మీరు స్పష్టముగా చూడకపోతే, ఏ మాత్రము అనుమానమున్నా అది లోపల పడినట్టే లెక్క, అనగా అనుమానపు లాభము ఎదుటివారిది. ఒకే జట్టులోని ఇద్దరిలో ఒకరు బయట అని, ఒకరు లోపల అని చెప్పినా అది లోపలే. మీ పాదము కిచెన్ గీతను తాకినదని మీకు తెలిస్తే, ఎవరూ చూడకపోయినా మీరే చెప్పుకోవాలి. ఇది మంచి మర్యాద మాత్రమే కాదు, ఆట నియమములోనే ఉన్న సంగతి.

మన ఇండ్లలో ఆటలు ఎక్కడ చెడతాయో మనకందరికీ తెలుసు. గీత దగ్గరే. నాది లోపల, నీది బయట అన్న జగడముతో బంతి ఒకవైపు, బ్యాటు ఒకవైపు పోయి, అన్నదమ్ములు రాత్రి అన్నము దగ్గర కూడా మాట్లాడుకోరు. అనుమానము వచ్చిన ప్రతిసారీ ఎదుటివానికే ఇచ్చే అలవాటు పదేండ్ల వయసులో ఆటలో పడితే, అది రేపు పొలము గట్టు దగ్గర, ఆస్తి పంపకము దగ్గర కూడా అక్కరకు వస్తుందని మా ఆశ. పెద్దలు ముందుగా చేసి చూపితేనే పిల్లలు నేర్చుకొంటారు. తండ్రి తన పాయింటు పోతుందని తెలిసి కూడా, లోపలే పడిందిరా అని చెప్పిన మాటను కుమారుడు చాలాకాలము మరువడు.

పెద్దవారికి కొన్ని జాగ్రత్తలు

ఈ ఆటలో పెద్దవయసువారికి గాయాలయ్యేది ఎక్కువగా పడిపోవుట వలన. తల మీదుగా వెనుకకు పోయే బంతి కొరకు వెనక్కి నడుస్తూ పరుగెత్తవద్దు. ప్రక్కకు తిరిగి వెళ్ళండి, అందకపోతే వదలివేయండి. చెప్పులతో గాని, వట్టి కాళ్ళతో గాని గచ్చు మీద ఆడవద్దు. పట్టు ఉన్న బూట్లు వేసుకొనండి. చీర కట్టుకొన్నవారు కుచ్చెళ్ళు కాళ్ళకు అడ్డుపడకుండా చూచుకోవాలి. గచ్చు మీద తడి గాని, వడ్లగింజలు గాని ఉంటే ముందు ఊడ్చివేయండి. గుండె జబ్బు, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు డాక్టరుగారిని అడిగిన తరువాతనే మొదలుపెట్టాలి. ఆటకు ముందు ఐదు నిమిషాలు నడిచి, చేతులు కాళ్ళు కదిలించండి. ఎండలో ఆడవద్దు, నీళ్ళు దగ్గర ఉంచుకొనండి. ప్రక్కనుండి మరొక బంతి కాని, పసిబిడ్డ కాని కోర్టులోనికి వస్తే వెంటనే ఆట ఆపండి.

ఎలా మొదలుపెట్టాలి?

నియమాలన్నీ ఒక్కరోజే నేర్పబోతే పిల్లలు విసుగుకొంటారు, పెద్దలు వెనుదిరుగుతారు. మొదటి రోజు లెక్క వద్దు. ఇరువైపులా కిచెన్ గీత దగ్గర నిలిచి, బంతిని ఒకసారి నేలను తాకనిస్తూ మెల్లగా అటు ఇటు కొట్టుకొనండి. తప్పకుండా ఇరవైసార్లు కొట్టగలిగితే చాలును. రెండవ రోజు బంతిని జారవిడిచి సర్వీసు చేయుట నేర్చుకొనండి. మూడవ రోజు చెరి ఒకసారి నేలను తాకనిచ్చే నియమము, నాల్గవ రోజు కిచెన్ నియమము కలపండి. ఐదవ రోజున మూడు అంకెల లెక్కతో పూర్తి ఆట ఆడండి. జట్లు కట్టేటప్పుడు బలవంతులిద్దరినీ ఒకే వైపు పెట్టవద్దు. ఒక పెద్ద, ఒక చిన్న చొప్పున కలపండి. ఆట ముగిసిన తరువాత నలుగురూ నెట్టు దగ్గరకు వచ్చి బ్యాట్లు తాకించుకొనుట ఈ ఆటలో వాడుక. దానిని మానవద్దు.

సంక్రాంతి సెలవులలో గాని, వేసవి సెలవులలో గాని పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంకాలము సున్నము, త్రాడు, టేపు తీసుకొని కళ్ళము దగ్గరకు వెళ్ళండి. గీతలు గీయుటకు తాతయ్యను పిలవండి, కొలతలు చదువుటకు మనుమరాలిని పిలవండి. గుమ్మములో నిలిచి చూచే ఆడపిల్లల చేతికి మొదటి బ్యాటు ఇవ్వండి. పొయ్యి దగ్గరనున్న తల్లిని కూడా ఒక అరగంట పిలుచుకొని రండి. ఆ పూట అన్నము కొంచెము ఆలస్యమైనా పరవాలేదు.